మట్టయ్య సున్నాలు

మా షాపు గోడ మీద, షట్టరుకు ఎడమ పక్కన, నీలం పెన్సిలుతో రాసిన తేదీలు వరసగా ఉంటాయి. ప్రతి తేదీ కింద ఒక 'మ'. ఆ 'మ' మట్టయ్యది. మా వార్డులో దోమల మందు కొట్టే మట్టయ్య. శుక్రవారం పొద్దున పదింటికల్లా వస్తాడు, నీళ్లు తనిఖీ చేసినట్టు గోడ మీద తేదీ వేస్తాడు, నా స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతాడు, వెళ్లిపోతాడు. ఈ పనుల్లో ఆయన శ్రద్ధగా చేసేది చాయ్ తాగడం ఒక్కటేనని నేను ఆయన ముఖం మీదే చాలాసార్లు అన్నాను. ఆయన ఏనాడూ కాదనలేదు.

నా పేరు శైలేందర్. కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే ఒక గల్లీలో నాది జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. ఏ పరీక్షకు నోటిఫికేషన్ పడినా పిల్లలు నా కౌంటరు మీదే వాలతారు. ఈ రాష్ట్రంలో ఉద్యోగం రానివాళ్ల ముఖాలు నేను చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు. పోయిన జూలైలో ఒక రోజు, ఆ పిల్లల మధ్యలోంచి మట్టయ్య దూరి వచ్చి, వీపు మీది మందు డబ్బా కింద పెట్టి, నా చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"అన్నా, గిదేందో జర చూడు. నాకు సమజ్ అయితలేదు."

చూశాను. ఇకమీదట వార్డుల్లో దోమల పని చేసేవాళ్లకు రాష్ట్ర స్థాయి లైసెన్సు ఉండాలట. పారిశుద్ధ్యంలో డిప్లొమా ఉంటే సరే. లేనివాళ్లు పదిహేనేళ్లకు పైగా పనిచేసి ఉంటే ఒకే ఒక్కసారి ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోవచ్చు. వయసు నలభై ఐదు దాటితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. లైసెన్సు లేనివాళ్ల కాంట్రాక్టు జనవరి నుంచి పొడిగించరు. పరీక్ష సెప్టెంబరులో. మట్టయ్యకు నవంబరులో నలభై ఐదు నిండుతాయి.

"నీకున్నది ఒకటే చాన్సు" అన్నాను.

"తప్పితె?"

"డబ్బా దించుడే."

ఇరవై ఒక్కేళ్లుగా ఆ డబ్బాను తిట్టని రోజు లేదు ఆయన. నడుం విరిగిందని, భుజం పోయిందని, వాసనకు అన్నం సయించదని. అలాంటి మనిషి డబ్బాను కాలితో మెల్లగా తన దగ్గరికి జరుపుకున్నాడు, అక్కడున్న పిల్లల్లో ఎవడో ఎత్తుకుపోతాడన్నట్టు.

ఫారం తెరిచాను. పైన పెద్ద అక్షరాలతో 'పర్యావరణ ఆరోగ్య నిపుణుల నమోదు' అని ఉంది.

"గా నిపుణుడు ఎవరన్నా?"

"నువ్వేనయ్యా."

"మా ఇంటామె ముంగట అనకు. నవ్వి నవ్వి సస్తది."

అనుభవం పత్రాలు తెమ్మంటే ప్లాస్టిక్ సంచీ నిండా తెచ్చాడు. ఏజెన్సీ మారినప్పుడల్లా ఆయన ఉద్యోగం పేరు కూడా మారింది. మొదట కూలీ, తర్వాత ఫీల్డ్ వర్కర్, తర్వాత హెల్పర్. ఒక ఏడాది ఎవడి చెయ్యి జారిందో గానీ డ్రైవర్ అని ఉంది. సైకిలు తొక్కడం కూడా రాని మట్టయ్య ఒక ఏడాదంతా కాగితాల మీద బండి నడిపాడు, ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యలేదు. డ్రైవర్ ఏడాది తీసేసి మిగతావన్నీ ఎక్కించాను. తెల్లటి బ్యాక్‌గ్రౌండు కావాలంటే నా దుప్పటి షట్టరుకు కట్టి ఫొటో తీశాను. ఆ ఫొటోలో ఆయన దొంగతనం కేసులో దొరికినవాడిలా వచ్చాడు. మళ్లీ తీద్దామంటే, ఇట్లనే ఉంట అన్నా, అన్నాడు.

నేను వెక్కిరిస్తున్నాను గానీ, మట్టయ్య పని రానివాడు కాదు. వచ్చినవాడు, మానేసినవాడు. ఆ రెండింటికీ తేడా ఉంది, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించేది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి వచ్చి, మొదట కొత్తపేట పండ్ల మార్కెట్లో మామిడి పెట్టెలు మోశాడు. తర్వాత ఈ పనిలో చేరాడు. పని నేర్పింది సిద్దిరాములు అని ఒక పెద్దాయన, ఇప్పుడు లేడు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఎక్కడ నిలబడాలన్నది. నీళ్ల మీద మన నీడ పడితే దోమ పిల్లలు చటుక్కున అడుక్కి మునుగుతాయి. తొందరపడేవాడికి ఖాళీ నీళ్లే కనిపిస్తాయి. పక్కకు జరిగి, నీడ పడకుండా నిలబడి, ముప్పై లెక్కపెట్టాలి. అప్పుడు ఊపిరి కోసం ఒక్కొక్కటే పైకి వస్తాయి. కొత్తలో ఈ సంగతి నాకు చెప్పినప్పుడు మట్టయ్య కళ్లు మెరుస్తుండేవి. డెంగీ దోమదా, మురికినీళ్ల దోమదా అన్నది నీళ్లు ముంచిన గరిటెలోకి చూసి చెప్పేసేవాడు. హాస్టల్ డాబాల మీద, కూలర్లలో, పూలకుండీల కింద, ఎక్కడున్నా పట్టేసేవాడు. జనం తిట్టుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఆయన్ని మా గల్లీలో ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదు. అంటే పని చేస్తున్నాడని అర్థం.

తర్వాత, ఆరేడేళ్ల కింద, ఒక వానాకాలం ఒకే వారంలో పదిహేడు ఇళ్లలో పట్టి రిజిస్టరులో రాశాడు. నెల మీటింగులో పై ఆఫీసరు లేపి నిలబెట్టాడు. అందరి వార్డుల్లో సున్నా, రెండు, మూడు ఉంటే నీ ఒక్కడికే పదిహేడు ఎట్ల వచ్చినయి, ఏం పని చేస్తున్నవు, అని మెమో ఇచ్చాడు. మట్టయ్యకు తత్వం బోధపడింది. మరుసటి వారం సున్నా రాశాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆపై వారం డ్రమ్ము మూత ఎత్తకుండానే సున్నా రాశాడు. అప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. ఇక ఎందుకు ఎత్తాలి? నాలుగు వందల ఇళ్లు, నాలుగు వందల సున్నాలు, గోడల మీద తేదీలు, నా దగ్గర చాయ్. మా గల్లీలో ఆయన్ని అందరూ ఇష్టపడటం అప్పుడే మొదలైంది.

పరీక్షకు ఏం తేవాలో చదివేసరికి ఆయన ముఖం పాలిపోయింది. సొంత వార్డులో పట్టిన బతికున్న డెంగీ దోమ పిల్లలు, ఒక సీసాలో. దానితో ఒక చీటీ: ఏ ఇల్లు, ఏ పాత్ర, ఆ ఇంట్లో ఉండేవారి పేరు. ఇవికాక మూడు నెలల రిజిస్టరు.

"రిజిస్టర్ల అన్నీ సున్నాలే గదన్నా. ఇప్పుడు యాడికెల్లి తేవాలె?"

"నువ్వు సున్నా రాసినంత మాత్రాన అవి ఊరు విడిచిపోయినయా? పోయి చూడు."

పరీక్షకు ముందు రెండు వారాలు మట్టయ్య మా వార్డంతా దోమ పిల్లల కోసం అడుక్కుతిన్నాడు. ఇది నేను కల్పించింది కాదు, నా కళ్లతో చూశాను. గేటు కొట్టి, "అమ్మా, మీ ఇంట్ల జర పురుగులుంటె చూడుండ్రి" అంటాడు. ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? మా ఇంట్ల అసువంటివి ఉండయి అని తలుపు వేసుకునేవాళ్లు, వేసుకుని గబగబా డ్రమ్ములు ఒంపేసేవాళ్లు. ఇరవై ఏళ్లలో ఏ మందుకూ పోని దోమలు ఆ రెండు వారాల్లో పరువు కోసం పోయాయి.

పక్కనే లేడీస్ హాస్టల్ నడిపే అండాలమ్మ దగ్గరికి కూడా వెళ్లాడు. దానికి చాలా ధైర్యం కావాలి. ఎందుకంటే నిరుడు ఆగస్టులో మట్టయ్య కూతురు సౌజన్యకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలకు పడిపోయి, ఎనిమిది రోజులు దవాఖానలో ఉంది. ఆ ఎనిమిది రోజులూ మట్టయ్య అండాలమ్మ గేటు ముందు నిలబడి, నీ డ్రమ్ములే నా బిడ్డ పానం మీదికి తెచ్చినయి అని నానా మాటలూ అన్నాడు. ఆమె కూడా తక్కువ తినలేదు.

ఇప్పుడు ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"నా గోడ మీద వారం వారం తారీకు ఏసినవు గదా, మట్టయ్యా? గా తారీకుల్లనే ఎతుక్కో."

మట్టయ్య తిరిగి నా షాపులోకి వచ్చి కూర్చున్నాడు. చాయ్ కూడా అడగలేదు.

పక్క వార్డు పనివాడు గజేందర్ దీనికి ఉపాయం చెప్పాడు. వాళ్లలో వాళ్లకు ఒక పద్ధతి ఉందట. నీ వార్డు సీసా నాకిస్తే నా వార్డు సీసా నీకిస్తాను, చీటీ మీద రిజిస్టరులో లేని ఖాళీ ప్లాటు అని రాసుకుంటాం, ఎవరి సున్నాలు వాళ్లవే. మార్చుకోడానికి మట్టయ్య దగ్గర సీసా లేకపోయినా పర్వాలేదు, అప్పుగా ఇస్తానన్నాడు గజేందర్. దోమ పిల్లల అప్పు. నేను ఆ రోజంతా దాన్ని తలుచుకుని నవ్వుకున్నాను.

పరీక్షకు ముందు ఆదివారం హాల్‌టికెట్ ప్రింటు తీసి నేనే మట్టయ్య ఇంటికి పట్టుకెళ్లాను. అదే వార్డులో, మా వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆయన భార్య సుమిత్రమ్మ నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"సూసినవా అన్నా, ఊరందరికి మందు కొట్టెటాయనకు ఒక్క పురుగు దొరుకుతలేదంట. నేను పోయి అడుక్కరానా?"

సౌజన్య మంచం మీద ఇంటర్ పుస్తకాలు పరుచుకుని కూర్చుని ఉంది. హాల్‌టికెట్ ఫ్రిజ్ మీద పెట్టాను. ఫ్యాను గాలికి అది లేచి ఫ్రిజ్ వెనక్కి జారిపోయింది. నేనూ మట్టయ్యా చెరో పక్కా పట్టుకుని ఫ్రిజ్‌ను ముందుకు లాగాం. కాగితం దొరికింది. దాన్ని తీయడానికి వంగిన మట్టయ్య మళ్లీ లేవలేదు.

ఫ్రిజ్ వెనక, కింద, మంచు కరిగిన నీళ్లు పడే ట్రే ఉంటుంది. నా ఇంట్లోనూ ఉంది, మీ ఇంట్లోనూ ఉంది, ఎవరం చూడం.

"సుమిత్రా, లైటుకు అడ్డం నిలవడకు. పక్కకు జరుగు" అన్నాడు.

జరిగింది. ఆయన గోడ వారగా ఒదిగి, పెదాలతో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో ఆయన అలా లెక్కపెట్టడం నేను చూడలేదు. ఇరవై దాటిందో లేదో, నల్లటి వెంట్రుక ముక్కల్లాంటివి ఒకటి, నాలుగు, పది, మెలికలు తిరుగుతూ పైకొచ్చాయి. ట్రే నిండా ఉన్నాయి.

"నాన్నా, గవేనా?" అంది సౌజన్య.

మట్టయ్య తలుపు వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ ఇంటి తలుపు పక్కన కూడా నీలం పెన్సిలు తేదీలు ఉన్నాయి. నిరుడు జూలైవి, ఆగస్టువి, ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. అన్నింటి కింద 'మ'. అన్నిటికీ నవ్వే సుమిత్రమ్మ అప్పుడు నవ్వలేదు. నాకు ఆయన మీద జాలేసింది, ఒక చెంపదెబ్బ కొట్టాలని కూడా అనిపించింది. కొట్టాల్సిన అవసరం లేకపోయింది. ఆయన అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నేనే బిడ్డా, నేనే" అని అదే మాట చాలాసేపు అన్నాడు. సౌజన్య వచ్చి పక్కన కూర్చుని, "లే నాన్నా, సీసల పట్టు. నీకు గావాలె గదా" అంది.

నేను లోకజ్ఞానం ఉన్నవాణ్ణి కదా, బయటికి వచ్చాక సలహా చెప్పాను. "చీటీ మీద ఖాళీ ప్లాటు అని రాయి. సొంత ఇల్లు రాస్తే నీ రిజిస్టరు అబద్ధమని నువ్వే చెప్పుకున్నట్టు. లైసెన్సు కాదు, ఉన్న పని కూడా పోతది." ఆయన తల ఊపాడు. ఊపితే ఒప్పుకున్నాడనుకున్నాను.

పరీక్ష ఎల్బీ నగర్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో. బస్సులో సీసా ఒలికిపోతుందని నా స్కూటీ మీద తీసుకెళ్లాను. వెనక కూర్చుని, బట్ట కట్టిన పచ్చడి సీసాను ఆయన రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఒకాయన, ఏం పచ్చడి అని అడిగాడు. నేను గోంగూర అన్నాను.

హాల్లో ముప్పై మందికి పైగా ఉన్నారు. పరీక్ష పెట్టేది మల్లికార్జునరావు అనే రిటైర్డ్ కీటక శాస్త్రవేత్త, ఆంధ్రా వైపు ఆయన. సన్నగా, తెల్ల చొక్కా, మెడలో భూతద్దం. నేను తలుపు దగ్గర తోడొచ్చినవాళ్లలో నిలబడ్డాను. మొదటి కాసేపు మంచి కాలక్షేపం. గజేందర్ సీసా పది రోజుల కిందటిది. పిల్లలన్నీ పెద్దవై రెక్కలు తెచ్చుకున్నాయి. మూత తీయగానే జుమ్మని లేచాయి. మల్లికార్జునరావు గారు తన మోచెయ్యి మీద ఒక దెబ్బ వేసుకుని, "బాబూ, మీ నమూనా నన్ను కుట్టిందండీ. దీనికి మార్కులు మీకెయ్యాలా, దానికెయ్యాలా?" అన్నారు.

తర్వాత చీటీలు ఒక్కొక్కటే చదివారు. ఖాళీ ప్లాటు. తాళం వేసిన ఇల్లు. ఖాళీ ప్లాటు. ఖాళీ ప్లాటు.

"ఏవండీ, ఈ ఊళ్లో దోమలన్నీ ఖాళీ ప్లాట్లలోనే కాపురాలు పెట్టాయన్నమాట. మనుషులున్న చోటికి బొత్తిగా రావన్నమాట. చాలా సంతోషం."

మట్టయ్య వంతు వచ్చింది. మల్లికార్జునరావు గారు సీసాలోవి పళ్లెంలో పోసి, వంగి చూసి, "ఇందులో ఏమీ లేవేంటండీ?" అన్నారు.

"సార్, జర గిటు జరుగుండ్రి. మీ నీడ పడుతున్నది."

 పెద్దాయన జరిగారు. మట్టయ్య లెక్కపెట్టాడు. అవి పైకొచ్చాయి. అవి ఏ దోమవో, ఎన్ని రోజులవో, ఇంకెన్నాళ్లకు ఎగురుతాయో తడుముకోకుండా చెప్పాడు. మల్లికార్జునరావు గారి ముఖంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. చీటీ అందుకున్నారు.

"పాత్ర: ఫ్రిజ్ ట్రే. ఇంట్లో ఉండేవారి పేరు: మట్టయ్య." ఆగి, తల ఎత్తారు. "మీరేనా?"

"నేనే సార్."

నేను తలుపు దగ్గర నుదురు కొట్టుకున్నాను.

"పురుగులు దొరికితే ఆ ఇంటివారికి నోటీసు ఇవ్వాలి కదండీ, ఇచ్చారా?"

మట్టయ్య జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఇచ్చినవారి సంతకం 'మ'. తీసుకున్నవారి సంతకం కూడా 'మ'. ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. రిజిస్టరు తిప్పి ఆ ఇంటి వరస మీద వేలు పెట్టారు.

"ఇక్కడ పదమూడు వారాలూ సున్నాయే ఉందే?"

"చూడకుండ రాసిన సార్."

"మిగతా ఇళ్లు?"

"గవి గూడ చూడకుండనే రాసిన సార్. పోయినేడు నా బిడ్డకు డెంగీ అచ్చింది. పక్కామెను తిట్టిన. నా ఇంట్లనే ఉన్నయి గావచ్చు, నాకు తెల్వదు. చూస్తె గదా తెలుస్తది."

మల్లికార్జునరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సున్నా అంటే చూశాను, లేవు అని. చూడకపోతే అది సున్నా ఎలా అవుతుందండీ? తప్పు ఎంట్రీని కొట్టేసి, పక్కన నిజం రాసి సంతకం పెట్టొచ్చు. నిబంధనల్లో ఉంది. ఎవరూ వాడరు. ఐదింటికి నేను వెళ్లిపోతాను" అని రిజిస్టరు ఆయన చేతికిచ్చారు.

మట్టయ్య బయట వరండాలో కూర్చుని రాశాడు. ఒక్కో ఇంటి వరసలో సున్నాలన్నిటినీ ఒకే గీతతో కొట్టేయడం, చూడలేదు అని రాయడం, పక్కన 'మ'. వార్డులోని ఇళ్లన్నీ, పదమూడు వారాలు. ఒకటిన్నరకు బువ్వ తిందాం రమ్మంటే రాలేదు. మూడింటికి వేళ్లు బిగుసుకుపోతే నేను వాటిని సాగదీసి పట్టుకున్నాను, రాయడానికి మాత్రం నన్ను రానివ్వలేదు. ఐదింటికి ఐదు నిమిషాలుండగా పుస్తకం లోపల ఇచ్చి వచ్చాడు. అందులో ఇక ఒక్క సున్నా కూడా మిగల్లేదు.

"ఇంకేమున్నది, పోయినట్టే" అన్నాను స్కూటీ తీస్తూ.

"పోతె పోనీ అన్నా" అన్నాడు. కానీ దారంతా ఆ ఖాళీ సీసాను రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.

డిసెంబరు మొదట్లో కాగితం వచ్చింది. పూర్తి లైసెన్సు కాదు. ఏడాదికి తాత్కాలికం. ప్రతి నెలా రిజిస్టరు తనిఖీ చేస్తారు, ఒక్క తప్పుడు సున్నా దొరికినా రద్దు. ఖాళీ ప్లాట్లవాళ్లకు పూర్తి లైసెన్సులు వచ్చాయని విన్నాను. గజేందర్ సీసాను కూడా ఎవరో మన్నించారట. నాకు ఒళ్లు మండింది. మట్టయ్యకు మండలేదు. లామినేషన్ చేయమని శుక్రవారం పొద్దున్నే షాపుకు తెచ్చాడు.

"మొత్తానికి నిపుణుడివైనవు, కూర్చో, చాయ్ చెప్తా" అన్నాను.

ఆయన కూర్చోలేదు. నా కౌంటరు మీద గాజు సీసాలో మనీప్లాంట్ ఉంటుంది, షాపు తెరిచినప్పుడు పెట్టింది. దాని వైపే చూస్తున్నాడు.

"అన్నా, జర పక్కకు జరుగు."

"ఏయ్, దాంట్లేముంటది? రోజూ నా కండ్ల ముంగటనే ఉంటది."

"నీ నీడ పడుతున్నది. జరుగు."

జరిగాను. ఆయన ముప్పై దాకా లెక్కపెట్టాల్సిన పని కూడా రాలేదు. దరఖాస్తు కోసం వచ్చిన నలుగురు హాస్టల్ అమ్మాయిలు కూడా చూశారు. ఏడెనిమిది పైకొచ్చి, వేర్ల మధ్య మెలికలు తిరిగాయి. ఆ అమ్మాయిలు ఆ సీసా పక్కనే గంటలు గంటలు కూర్చుంటారు. 

మట్టయ్య నీళ్లు రోడ్డు మీద ఎండలో పారబోసి, సీసా లోపల వేళ్లు పెట్టి రుద్ది కడిగి, నోటీసు పుస్తకం తీశాడు.

"నీ ఫారం నింపిన చెయ్యిరా ఇది!" అన్నాను.

"గందుకే అన్నా, నీ పేరు తప్పు పోకుండ రాస్తున్న" అన్నాడు. రాసి చింపి ఇచ్చాడు. రిజిస్టరులో నా షాపు వరసలో ఒకటి వేశాడు. గోడ మీద మాత్రం తేదీ వేయలేదు. చాయ్ తాగకుండానే డబ్బా ఎత్తుకుని అండాలమ్మ హాస్టల్ వైపు వెళ్లాడు. కాసేపటికి ఆమె అరుపులు మా షాపు దాకా వినిపించాయి.

మరుసటి గురువారం సాయంత్రం, షాపు మూసే ముందు, మనీప్లాంట్ సీసాలో నీళ్లు మార్చాను. ఇంటికెళ్లి ఫ్రిజ్ ముందుకు లాగాను. మా ఆవిడ నాకు పిచ్చి పట్టిందంది. నేను ఆమెను పక్కకు జరగమన్నాను. గోడకు ఆనుకుని, నా నీడ ట్రే మీద పడకుండా చూసుకుని, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.